ఇంతకీ బేస్ వాయించిందెవరు?

బేస్ గిటార్ వాయించేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే చర్చ ఎటు పోతుందో ముందే చెప్పేయొచ్చు. మొదట తీగల మీద: కొత్త తీగలు మంచివా, అరిగిపోయినవి మంచివా? తర్వాత చేతి మీద: వేళ్ళతో మీటాలా, పిక్‌తోనా? ఆ తర్వాత మెట్లున్న బేసా, మెట్లు లేని బేసా? చివర్లో, ఎప్పటికీ తేలనిది: నొటేషన్ చదవడం నేర్చుకోవాలా, చెవితో పట్టుకుంటే సరిపోతుందా? ట్యాబ్‌లా స్పేస్‌లా అని ఆఫీసుల్లో కొట్టుకునేవాళ్ళని రోజూ చూస్తుంటాం కాబట్టి మనకిదేం కొత్త కాదు :)

నేను నాలుగేళ్ళ నుంచి బేస్ నేర్చుకుంటున్నాను. వారంలో ఐదు రోజులు కోడు, మిగిలిన రెండు రోజులు బేసు (రిలీజ్ లేకపోతే). ఈ చర్చలన్నీ వినీ వినీ ఒక సంగతి గమనించాను. ప్రతి వాదనా చివరికి ఒక మనిషి పేరు దగ్గర ఆగుతుంది. జేమర్సన్ తీగలు మార్చేవాడు కాదు కదా అని ఒకరు, కెరోల్ కే పిక్‌తోనే వాయించింది కదా అని ఇంకొకరు, జాకో మెట్లు పీకేశాడు కదా అని మరొకరు. అంటే మనం శాస్త్రాలు అనుకుంటున్నవి నిజానికి ఒక్కో మనిషి అలవాట్లు. ఆ అలవాట్లు ఎందుకొచ్చాయో తవ్వుకుంటూ పోతే బేస్ గిటార్ చరిత్ర మొత్తం బయటపడుతుంది. ఆ చరిత్రలో పెద్ద ఖాళీ ఒకటుంది. ఆ ఖాళీ గురించే ఈ టపా.

ముందు బేస్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మామూలు గిటార్‌కి ఆరు తీగలు. అందులో కింది శ్రుతి తీగలు నాలుగు తీసుకుని, వాటిని ఒక స్థాయి కిందికి దించితే బేస్ గిటార్. అన్నిటికన్నా మందంగా ఉండే తీగ సుమారు 41 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది. పాటలో తాళం డ్రమ్స్‌ది, రాగం గాయకుడిది అనుకుంటే, ఆ రెంటినీ కలిపి కుట్టే దారం బేస్. అది ఉన్నప్పుడు ఎవరికీ తెలీదు. తీసేస్తే మాత్రం "ఇదేంటి, పాట చప్పగా ఉంది?" అంటారు.

ఇంకో తమాషా. ట్రాన్సిస్టర్ రేడియోలో ఉండే బుల్లి స్పీకర్ 41 హెర్ట్‌జ్‌ని దాదాపు పలికించలేదు. దాని గుణిజాలు 82, 123, 164.. ఇలా పైవాటిలో కొన్ని మాత్రం వినిపిస్తాయి. ఆ వరస విని, కింద 41 ఉందని మన మెదడే లెక్క కట్టి వినిపించేస్తుంది. అంటే ఆ రేడియోల్లో జనం విన్న బేస్‌లో కొంత భాగం స్పీకర్‌లోంచి రాలేదు, వాళ్ళ బుర్రలోంచి వచ్చింది! బేస్ వాయించేవాళ్ళ బతుకంతా ఈ ఒక్క ముక్కలో ఉంది అనిపిస్తుంది నాకు.

సరే, చరిత్రలోకి వద్దాం.

1950కి ముందు బేస్ అంటే డబుల్ బేస్. మనిషి కన్నా ఎత్తుండే వయొలిన్ లాంటిది. దాన్ని మోసుకుని ఊరూరూ తిరగడం ఒక నరకం. తీరా వేదిక ఎక్కాక డ్రమ్స్, ట్రంపెట్ల హోరులో అది వినపడదు. పైగా వయొలిన్ లాగే దానికి మెట్లుండవు. మన వీణకి మెట్లున్నాయి కాబట్టి వేలు ఎక్కడ నొక్కాలో కంటికి కనిపిస్తుంది. వయొలిన్‌లో చెవే దిక్కు. వేలు వెంట్రుకవాసి తప్పితే శ్రుతి తప్పుతుంది.

1930ల్లోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ ఒకటి చేశాడు గానీ అది జనంలోకి వెళ్ళలేదు. వెళ్ళింది 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి లియో ఫెండర్ తెచ్చిన బేస్. ఆయన అంతకుముందు రేడియోలు రిపేరు చేసే షాపు నడిపేవాడు. అసలు విశేషం ఏంటంటే ఆయనకి గిటార్ వాయించడం రాదు. వాడేవాళ్ళ కష్టాలు విని, వస్తువు చేసి, వాళ్ళ చేతికిచ్చి, మళ్ళీ తిట్లు విని, మార్చేవాడు. (మన ప్రోడక్ట్ మేనేజర్లు ఈ పేరా రెండుసార్లు చదవాలని మనవి.) తీగ పొడవు 34 అంగుళాలు పెట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎక్కువ బేస్‌లకి అదే కొలత.

దానికి పెట్టిన పేరు ప్రెసిషన్ బేస్. మెట్లున్నాయి కాబట్టి శ్రుతి కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. ఆ మెట్ల వల్ల ఇంకో మార్పు కూడా వచ్చింది. డబుల్ బేస్ మీద ఏళ్ళ తరబడి సాధన చేయనివాడు, మామూలు గిటార్ వాయించేవాడు కూడా దీన్ని తీసుకుని వేదికెక్కగలిగాడు. పాతవాళ్ళలో చాలామంది దీన్ని అసలు బేస్‌గానే లెక్కపెట్టలేదు. జాజ్‌లో లయొనెల్ హాంప్టన్ బృందంలో మాంక్ మాంట్‌గమరీ దీన్ని వాయించడం మొదలుపెట్టినా, చాలాకాలం స్టూడియో కాగితాల మీద దీన్ని వేరు చేసి "ఫెండర్ బేస్" అని రాసేవాళ్ళు. అంటే కంపెనీ పేరే వాయిద్యం పేరైపోయింది, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు. వాయిద్యానికి పేరొచ్చింది. వాయించినవాడికి రాలేదు.

ఇప్పుడు డెట్రాయిట్ వెళ్దాం. జేమ్స్ జేమర్సన్ 1936లో సౌత్ కరోలినాలో పుట్టాడు. 1954లో తల్లి దగ్గరికి డెట్రాయిట్ వచ్చి, అక్కడి హైస్కూల్లో డబుల్ బేస్ నేర్చుకున్నాడు. 1959లో బెర్రీ గోర్డీ ఆ ఊళ్ళోనే ఒక మామూలు ఇల్లు కొని, వెనక గదిని స్టూడియోగా మార్చి, మోటౌన్ అనే రికార్డు కంపెనీ నడపడం మొదలుపెట్టాడు. స్టూడియో రోజుకి 22 గంటలు నడిచేది. (మిగిలిన రెండు గంటలు మెయింటెనెన్స్ విండో కాబోలు.) అక్కడ వాయించే వాద్య బృందాన్ని తర్వాత ఫంక్ బ్రదర్స్ అన్నారు. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, మార్విన్ గే, స్టీవీ వండర్.. రికార్డు మీద పేర్లు మారుతుంటాయి, వెనక బృందం మాత్రం దాదాపు అదే.

జేమర్సన్ దగ్గర 1962 నాటి ప్రెసిషన్ బేస్ ఉండేది. దాని మీద బాగా మందమైన నున్నటి తీగలు. అవి తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగలకి పట్టిన మురికిలోనే అసలు మజా ఉందని ఆయన నమ్మకం. బ్రిడ్జ్ మూత కింద కంపెనీ పెట్టిన స్పాంజి ముక్కని కూడా తీయలేదు. దానివల్ల స్వరం ఎక్కువసేపు సాగకుండా టక్కున ఆగుతుంది. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. తోటివాళ్ళు ఆ వేలికి "కొక్కెం" అని పేరు పెట్టారు. ఒక్క వేలితో అంత వేగం ఎలా అని ఇప్పటికీ తలలు పట్టుకునేవాళ్ళున్నారు. డబుల్ బేస్ తీగలని గట్టిగా లాగిన చేయి అది, ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది.

ఆయన ముందు పెట్టే కాగితం మీద చాలాసార్లు కార్డ్‌లు మాత్రమే ఉండేవి. మిగతాది సొంతం. అంతకుముందు పాప్ పాటల్లో బేస్ అంటే "ధమ్ ధమ్" అని మూలస్వరం పట్టుకుని కూర్చోవడమే. ఈయన జాజ్‌లో నేర్చిన నడకలు తెచ్చి, గాయకుడు ఊపిరి పీల్చే చోట దూరి, మళ్ళీ సమయానికి "సమ్" మీద వాలిపోయేవాడు. అట్లాంటిక్ అవతల ఇంగ్లండ్‌లో పాల్ మెకార్ట్‌నీ ఆ రికార్డులు విని నేర్చుకున్నాడు. తన మీద ప్రభావం చూపినవాళ్ళలో జేమర్సన్ ముఖ్యుడని ఆయనే చాలాసార్లు చెప్పాడు. కానీ ఆ వింటున్న రోజుల్లో రికార్డు కవర్ మీద ఆ పేరు లేదు. ఒక్క మెకార్ట్‌నీ అనే కాదు, ఆ తరంలో బేస్ నేర్చుకున్నవాళ్ళలో చాలామందికి గురువు పేరు తెలీదు. ఏకలవ్యుడికి కనీసం ద్రోణుడి పేరు తెలుసు, బొమ్మ చేసుకున్నాడు. వీళ్ళకి ఆ అదృష్టం కూడా లేదు.

ఎందుకు వేయలేదు? వాద్య బృందానికి వారం జీతం ఉండేది, రికార్డుల అమ్మకాల్లో వాటా ఉండేది కాదు. పేరు బయటికొస్తే పక్క కంపెనీ ఎత్తుకుపోతుందన్న భయం కూడా ఒక కారణమని చెబుతారు. అయినా వీళ్ళు దొంగచాటుగా వేరే కంపెనీలకి వాయించేవాళ్ళు. 1967లో జాకీ విల్సన్ పాడిన "హయ్యర్ అండ్ హయ్యర్" అలా ఫంక్ బ్రదర్స్ షికాగో వెళ్ళి వాయించి వచ్చిందే. ఇక్కడ 2022లో మన ఐటీ కంపెనీలు మూన్‌లైటింగ్ అని గొడవ చేశాయి చూడండి, ఆ గొడవ డెట్రాయిట్‌లో అప్పుడే అయిపోయింది :)

1971లో మార్విన్ గే "వాట్స్ గోయింగ్ ఆన్" ఆల్బమ్ తెచ్చాడు. వాద్యకారుల పేర్లు వేసిన మొదటి మోటౌన్ ఆల్బమ్ అదే. జేమర్సన్ పేరు ముందు "సాటిలేని" అన్న మాట కూడా పెట్టారు. ఆ పాటకి ఆయన్ని ఒక క్లబ్బులోంచి పట్టుకొచ్చారనీ, కుర్చీలో కూర్చోలేనంత తాగి ఉండటంతో నేల మీద పడుకునే వాయించాడనీ తోటివాళ్ళు చెప్పిన కథ ఒకటుంది. పడుకుని వాయించాడా కూర్చునా అన్నది పక్కన పెడితే, 1959 నుంచి లెక్కేస్తే పేరు అచ్చవడానికి పన్నెండేళ్ళు పట్టింది. మరుసటేడు 1972లో మోటౌన్ లాస్ ఏంజెలెస్‌కి తరలిపోయింది. జేమర్సన్ కూడా వెళ్ళాడు గానీ అక్కడ కుదరలేదు. కొత్త నిర్మాతలకి మెరుపుండే కొత్త తీగల శబ్దం కావాలి, ఈయన తీగలు మార్చడు. తాగుడు ఎక్కువైంది, పని తగ్గింది.

1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ళ పండగ జరిగింది. మైకేల్ జాక్సన్ మొదటిసారి మూన్‌వాక్ చేసిన కార్యక్రమం అదే, యూట్యూబ్‌లో మనందరం చూసిందే. ఆ రోజు జేమర్సన్ వేదిక మీద లేడు. టికెట్ కొనుక్కుని పైన బాల్కనీలో ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. ఆ ఏడాదే ఆగస్టు 2న, 47 ఏళ్ళ వయసులో చనిపోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే ఆ 1962 బేస్‌ని ఎవరో ఎత్తుకుపోయారు.

పేరు ఆ తర్వాత వచ్చింది. 1989లో ఆలన్ స్లట్‌స్కీ ఆయన బేస్ లైన్లని నొటేషన్‌లో రాసి, జీవిత కథతో కలిపి పుస్తకం వేశాడు. 2002లో అదే పేరుతో డాక్యుమెంటరీ వచ్చింది. ఈ మధ్యలో, 2000లో, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు పక్కవాయిద్యాల వాళ్ళకోసం ఒక విభాగం మొదలుపెట్టి, మొదటి విడతలోనే ఆయన్ని చేర్చారు. అప్పటికి ఆయన పోయి 17 ఏళ్ళు.

ఇప్పుడు మిగతా అలవాట్ల సంగతి.

కెరోల్ కే లాస్ ఏంజెలెస్‌లో జాజ్ గిటార్ వాయించేది. 1963లో ఒక రికార్డింగ్‌కి బేస్ వాయించేవాడు రాకపోతే ఆవిడ చేతికి బేస్ ఇచ్చారు. గిటార్ మనిషి కాబట్టి పిక్‌తోనే వాయించింది. తీగల మీద ఫెల్ట్ ముక్క పెట్టి, టక్ టక్‌మనే శబ్దం రాబట్టింది. 1966 నాటి బీచ్ బాయ్స్ "పెట్ సౌండ్స్"లో ఆవిడ బేస్ వినొచ్చు. 1969లో బేస్ నేర్పే పుస్తకం రాసి, సొంతంగా అచ్చేసి అమ్మింది.

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర లారీ గ్రాహమ్ తన తల్లితో కలిసి క్లబ్బుల్లో వాయించేవాడు. ఆమె కీబోర్డు, ఈయన బేస్. బృందంలో డ్రమ్స్ లేవు. ఆ లోటు తీర్చడానికి బొటనవేలితో తీగని కొట్టి పెద్ద డ్రమ్ముగా, వేలితో లాగి వదిలి చిన్న డ్రమ్ముగా వాడుకున్నాడు. ఇవాళ ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో కుర్రాళ్ళు వేగంగా కొట్టే స్లాప్ అలా పుట్టింది.

ఫ్లోరిడాలో జాకో పాస్టోరియస్‌కి డబుల్ బేస్ ధ్వని ఇష్టం. కానీ అక్కడి తేమకి ఆయన డబుల్ బేస్ పగిలింది. దాంతో ఒక 1962 ఫెండర్ జాజ్ బేస్ మెట్లు పీకేసి, ఆ గాడులు పూడ్చి, పడవలకి వేసే ఎపాక్సీ పూత పూశాడు. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్ ఎలక్ట్రిక్ బేస్ మీద అందరి అంచనాలనీ మార్చేసింది. చిత్రం ఏంటంటే, మెట్లు పెట్టిన ప్రెసిషన్ బేస్, మెట్లు పీకిన జాకో, ఇద్దరూ 1951లోనే పుట్టారు!

చూశారా? ఒకరికి డబుల్ బేస్ అలవాటు, ఒకరికి గిటార్ అలవాటు, ఒకరికి డ్రమ్మర్ లేడు, ఒకరి ఊళ్ళో తేమ ఎక్కువ. మన భాషలో చెప్పాలంటే ప్రతి "బెస్ట్ ప్రాక్టీసూ" ఒకప్పుడు ఎవరో అవసరానికి చేసుకున్న వర్క్‌అరౌండ్. దాన్ని ఎందుకు చేశారో మర్చిపోయి, ఎలా చేశారో మాత్రం పట్టుకుంటే అది ఆచారమైపోతుంది. తీగలు మార్చకపోతే జేమర్సన్ అయిపోం, తీగలు మురికైపోతాయి అంతే.

ఇక మొదట్లో చెప్పిన ఖాళీ సంగతి. స్టీవీ వండర్ 1967 పాట "ఐ వాజ్ మేడ్ టు లవ్ హర్" బేస్ లైన్‌ని బేస్ నేర్చుకునేవాళ్ళు భగవద్గీతలా చదువుతారు. అది జేమర్సన్‌దని డెట్రాయిట్ వాళ్ళంటారు. తానే వాయించానని కెరోల్ కే అంటుంది. మోటౌన్ లాస్ ఏంజెలెస్‌లో కూడా రికార్డింగులు చేసేది కాబట్టి ఆ మాటని విన్నవెంటనే కొట్టిపారేయలేరు. రెండు పక్షాలూ ఏళ్ళ తరబడి వాదించుకుంటూనే ఉన్నాయి. వేలి శబ్దమా, పిక్ శబ్దమా అని చెవులు రిక్కించి విని పేజీలకు పేజీలు రాస్తున్నారు. ఎవరు నెగ్గుతారన్నది కాదు నా బాధ. కోట్లమంది విన్న పాట, అక్కడున్న మనుషులు బతికుండగానే ఎవరు వాయించారో తగవు పడాల్సి వచ్చింది. కవర్ వెనక ఒక్క లైను అచ్చేసి ఉంటే సరిపోయేది. ఆ కెరోల్ కేనే 2025లో హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు ఎంపిక చేస్తే రానని చెప్పేసింది. స్టూడియోలో కలిసి చేసిన పనిని అది సరిగ్గా చూపించదన్నది ఆవిడ చెప్పిన కారణాల్లో ఒకటి.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మన తెలుగు పాటలు చాలాకాలం మద్రాసు స్టూడియోల్లోనే రికార్డయ్యాయి. 1980ల్లో ఇళయరాజా పాటల్లో బేస్ ఎంత పని చేస్తుందో తెలియాలంటే "గీతాంజలి" (1989) పాటలు మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి. గొంతు ఒక దారిన పోతుంటే కింద బేస్ ఇంకో పాట పాడుతుంటుంది. పైగా అక్కడ పద్ధతి డెట్రాయిట్‌కి పూర్తిగా వ్యతిరేకం. ఏ వాయిద్యం ఏం వాయించాలో ఇళయరాజానే నొటేషన్ రాసి ఇస్తారు. కాబట్టి "చదవడం రావాలా, చెవి చాలా?" అన్న ప్రశ్నకి జవాబు నువ్వు ఏ గదిలో కూర్చున్నావన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ చదవడం రాకపోతే పని లేదు. అక్కడ చదివింది మాత్రమే వాయిస్తే పని లేదు.

కానీ ఒక్క విషయంలో మద్రాసు, డెట్రాయిట్ ఒకటే. ఆ రోజుల క్యాసెట్ కవర్లు మన ఇళ్ళల్లో ఇంకా ఉంటే తీసి చూడండి. సినిమా పేరు, సంగీతం, సాహిత్యం, గాయకులు. హీరో బొమ్మ ఎలాగూ ఉంటుంది. వయొలిన్ ఎవరిది, తబలా ఎవరిది, బేస్ ఎవరిది? మామూలుగా ఉండదు. 1990ల తర్వాత ఏ.ఆర్.రెహమాన్ తన ఆల్బమ్‌ల కవర్ల మీద వాద్యకారుల పేర్లు వేయడం అలవాటు చేశాడు. అలా కీత్ పీటర్స్ లాంటి చెన్నై బేస్ కళాకారుడి పేరు నాలాంటివాళ్ళకి కూడా తెలిసింది. తీరా ఆ మంచి అలవాటు స్థిరపడేలోగా క్యాసెట్లు, సీడీలే పోయాయి. స్ట్రీమింగ్ యాప్‌లో పాట కింద చూస్తే చాలాసార్లు మళ్ళీ అదే పాత జాబితా. కవర్ మీద చోటు లేదు అని అప్పుడు సాకు చెప్పొచ్చు. డేటాబేస్‌లో ఒక కాలమ్‌కి చోటు లేదు అంటే మనం నమ్ముతామా? ఆ స్కీమా రాసేది మనలాంటివాళ్ళే కదా!

నాకు తోచింది ఇది. బేస్ నేర్చుకునేవాళ్ళు ఏ తీగలు కొనాలో అడగడం కన్నా, తమకి నచ్చిన పాటలో ఆ లైను వాయించిందెవరో, ఆ మనిషికి అప్పుడు ఏం అవసరం పడిందో కనుక్కోవడం మంచిది. అదే అసలు పాఠం. వాయించనివాళ్ళకి కూడా ఒక పని చెబుతాను. చిన్నప్పటి నుంచి మీకు బాగా ఇష్టమైన తెలుగు పాట ఒకటి తీసుకోండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గొంతుని, వయొలిన్లని వదిలేసి, కిందున్న ఆ ఒక్క దారాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. తర్వాత ఆ దారం ఎవరి చేతిదో వెతకండి. దొరికితే ఎక్కడో ఒకచోట రాసి పెట్టండి, నాక్కూడా చెప్పండి. ఆ పేరు తెలిసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉండగానే ఆ పని అయిపోతే మంచిది.